మూడో కొబ్బరిమొక్క

అనగనగా ఒక కొండసీమ. ఏడాదంతా అక్కడ హాయిగా ఉండేది. పుష్యమాసంలో మాత్రం ఓ నాలుగు రాత్రులు మంచు గడ్డకట్టేది. ఆ సీమకు రాజు వీరసేనుడు. మంచివాడే కానీ, ఊరికే కూర్చోవడం ఆయన జాతకంలోనే లేదు.

ఆయన రాణి మందాకినిది సముద్రతీరం. కాపురానికి వస్తుంటే వాళ్లమ్మ సారెతో పాటు మూడు కొబ్బరిమొక్కలు పంపింది. ఆ ఏడే ఆ తల్లి కన్నుమూసింది. ఇక రాణికి పుట్టింటి గుర్తంటే ఆ మూడే.

మొదటి చలికాలం వచ్చింది. "పాపం, వణుకుతోంది" అని రాజు గుమ్మం పక్క మొక్కకు రోజూ సాయంత్రం వేడినీళ్లతో తలంటు పోయించాడు. మిగతా రెండూ రాణి కళ్లెదుట ఉండబట్టి బతికిపోయాయి. ఆ నీళ్లు ఆకుల నడుమ ఉండే మొవ్వులో నిలిచి, తెల్లవారేసరికి గడ్డకట్టాయి. వేసవికల్లా మొవ్వు కుళ్లి, పట్టుకుంటే చేతిలోకి ఊడొచ్చింది. రాణికి అన్నం సహించలేదు.

రెండో ఏడు మంచుకు ఆకులు మాడాయి. చలికాలంలో దానిమ్మ కొమ్మలు కత్తిరించడం ఆ సీమ ఆచారం. రాణి పూజలో కూర్చున్న సమయం చూసి రాజు కత్తి తీశాడు. ఒక మొక్కకు మాడిన ఆకులన్నీ నున్నగా కోసేశాడు.

"చిగురిస్తుంది చూడు దేవీ" అన్నాడు సంబరంగా.

మర్నాటి మంచుకు కప్పులేని మొవ్వు నల్లబడి చచ్చింది.

రాణి తల పట్టుకుంది. "మహారాజా, మీ దానిమ్మకు వంద చిగుళ్లు. నా కొబ్బరికి ఒక్క మొవ్వే. మాడినా సరే, ఆ ఆకులే దానికి దుప్పటి. మిమ్మల్ని ఏమనను? శత్రువైతే నోరారా తిట్టేదాన్ని. మీరేమో ప్రేమతో చంపుతున్నారు."

మూడో చలికాలం రాకముందే రాణి నడుం బిగించింది. ఆకులు పైకెత్తి మొవ్వు చుట్టూ కట్టింది. పైన ఎండుగడ్డి చుట్టింది. మంచు పడింది, ఆకులు మాడాయి.

రాజు వేడినీళ్లు తెచ్చాడు. "వద్దు" అంది. కత్తి తెచ్చాడు. "వద్దంటే వద్దు" అంది. చివరికి గునపం తెచ్చి, "చచ్చిపోయింది దేవీ, పీకేద్దాం" అన్నాడు.

"మీకు దణ్ణం పెడతాను మహారాజా. ఇదీ పోతే మా అమ్మ గుర్తు ఇంకేం మిగలదు. ఈ ఒక్కసారి చేతులు కట్టుకుని నా పక్కన కూర్చోండి."

కూర్చున్నాడు పాపం, గోళ్లు కొరుక్కుంటూ.

ఉగాది దాటాక రాణి గడ్డి విప్పింది. మాడిన ఆకుల మధ్య మొవ్వు పచ్చగా నిలబడి ఉంది. రాణి కళ్లు తుడుచుకుంది. రాజు మొవ్వు వైపు మెల్లగా చెయ్యి చాపాడు. రాణి చూసింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, బుద్ధిగా చేతులు కట్టుకున్నాడు.

మేలు చెయ్యాలన్న మనసొక్కటే చాలదు. ఎప్పుడు చెయ్యకుండా ఉండాలో కూడా తెలిసి ఉండాలి.