తిప్పన్న పాటకు తాళం

కురుమూర్తి వెబ్‌సైటుకు జనం వస్తున్నారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే పోతున్నారు. సగటున పదకొండు సెకన్లు. ఎర్రటి ఎండలో బస్సు కోసం కూడా మనిషి అంతకంటే ఎక్కువసేపే నిలబడతాడు. ఆ మాట తనకు తానే అనుకుని నవ్వాడు గాని, లోపల చాలా కష్టంగా ఉంది.

అతనిది కరెంటు సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు ఉద్యోగం. మిగిలిన పొద్దంతా కంప్యూటరే లోకం. గేములు ఆడతాడు, ఎక్కడెక్కడి పాటలో ఆన్‌లైన్‌లో వెతికి వింటాడు, ఎవరూ అడక్కుండానే వెబ్‌సైట్లు కడతాడు. ఒకరు నేర్పిన విద్య కాదు. ఈరోజొకటి, రేపొకటి తెలుసుకుంటూ పోగేసుకున్నాడు.

మక్తల్ దాటాక నాలుగు మైళ్ళ దూరంలో మల్లదాసు ఆశ్రమం ఉంది. ప్రతి ఆదివారం పొద్దున అక్కడ తత్వాలు పాడతారు. గురువు పాడతాడు, శిష్యులు పాడతారు, కూలికి పోయే వాళ్ళూ వచ్చి పాడతారు. వాళ్ళలో పన్నెండు మంది ముసలివాళ్ళ గొంతులు కురుమూర్తి రికార్డు చేశాడు. ఇవి లోకమంతా వినేటట్టు చేస్తానని గురువుకు మాటిచ్చి వెబ్‌సైటు కట్టాడు.

కట్టడమంటే అలా ఇలా కాదు. తెరవగానే నల్లని ఆకాశం, అందులో కదిలే చుక్కలు. స్వాగతానికి వేణువు. ఆ తర్వాత మెట్లు, ఒక్కో మెట్టు మీద ఒక్కో పాట. కింది పాట పూర్తిగా వింటేనే పై మెట్టు తాళం తెరుచుకుంటుంది, గేములో మాదిరి. జ్ఞానం కూడా మెట్టు మెట్టుగా ఎక్కేదే కదా అని అతని లెక్క. పన్నెండో మెట్టు మీద అన్నిటికంటే మేలైన పాట పెట్టాడు. అది తిప్పన్నది. ఇలాంటి పిచ్చే ఉన్న ఆన్‌లైన్ స్నేహితులు ఆ మెట్లు చూసి శభాష్ అన్నారు. పాట మాత్రం ఒక్కరూ వినలేదు.

"జనానికి ఓపిక లేదు సామీ," అన్నాడు కురుమూర్తి గురువు ముందు కూర్చుని. "వినే యోగ్యత లేదు."

మల్లదాసు ఏకతారకు తీగ బిగిస్తున్నాడు. తల ఎత్తలేదు.

"సవారమ్మకు చూపినవా?"

సవారమ్మ తిప్పన్న భార్య, మండపం చివర కూర్చుని పల్లీలు ఒలుస్తోంది. తిప్పన్న పోయి ఎనిమిది నెలలైంది. అప్పటినుంచి ఆమెకు ఒకటే కోరిక. ఆయన గొంతు వినాలి, అదీ ఒకరిని బతిమాలకుండా, తనకు బుద్ధి పుట్టినప్పుడల్లా వినాలి. "నీ చేతికే తెచ్చిస్త పెద్దమ్మా," అని కురుమూర్తి కూడా ఆమెకు చెప్పాడు. చెప్పి మెట్లు కట్టే పనిలో పడ్డాడు.

"ఆమెకేం తెలుస్తది సామీ? ఒక్కొక్కటి నేను పక్కన కూసొని చెప్పాలె."

గురువు ఏకతార పక్కన పెట్టాడు. కుండలోంచి గ్లాసుతో నీళ్ళు ముంచి అతని చేతికిచ్చాడు.

"నోట్ల పోసుకో. మింగొద్దు, ఉమ్మొద్దు. ఆమెకు ఫోనియ్యి."

కురుమూర్తి నీళ్ళు పోసుకున్నాడు. బుగ్గలు ఉబ్బాయి. పక్కనున్న శిష్యులు నవ్వు ఆపుకోలేకపోయారు.

సవారమ్మ ఫోను రెండు చేతులతో పట్టుకుంది. చుక్కలు కదిలాయి, వేణువు మోగింది. ఆమె మురిసిపోయింది. "ఇది ఆయన పాట కాదే," అంది కాసేపటికి. వేణువు ఆగడంలేదు. ఆపే గుర్తు ఆవగింజంత, అది ఏ మూలన ఉందో కురుమూర్తికి తెలుసు. వేలెత్తి చూపబోయాడు. గురువు ఆ వేలు పట్టుకుని కిందికి దించాడు.

సవారమ్మ ఎక్కడెక్కడో ఒత్తింది. పల్లీలు ఒలిచీ ఒలిచీ ఆమె వేళ్ళు కాయలు కాచాయి. అంత చిన్న గుర్తు ఆ వేలికి అందలేదు. చివరికి ఫోను తిరిగిచ్చేస్తూ, "సదువు రానిదాన్ని, నా తప్పే బిడ్డా," అంది.

కురుమూర్తికి నోట్లో నీళ్ళు చేదెక్కినట్టయింది. బయటికి పోయి ఉమ్మేసి, ఎవరికీ చెప్పకుండా ఇంటికి పోయాడు.

మనిషికి పౌరుషం ఎక్కువ. ఆ వారం వేణువు తీసేశాడు. చుక్కలు తీయడానికి ఇంకో వారం పట్టింది, ఎందుకంటే ఆ చుక్కలను కదిలించడం నేర్చుకోవడానికే అతనికి మూడు నెలలు పట్టింది. తీసేశాక ఒకటి తెలిసింది. పేజీ టక్కున తెరుచుకుంటోంది. పాత ఫోనులో కూడా ఆగడంలేదు. ఇన్నాళ్ళూ జనం పదకొండు సెకన్లూ చుక్కల కోసమే ఎదురుచూసి పోయారన్నమాట. ఛీ అనుకున్నాడు, అక్షరాలు పెద్దవి చేశాడు, గుర్తులు రూపాయి బిళ్ళంత చేశాడు. మెట్లు మాత్రం ఉంచాడు. ఆ మెట్లంటే అతనికి ప్రాణం.

రెండు వారాల తర్వాత ఆదివారం వచ్చాడు. ఎవరూ అడక్కుండానే కుండ దగ్గరికి పోయి తానే నీళ్ళు పోసుకున్నాడు.

ఈసారి సవారమ్మ వేలు తిన్నగా పోయింది. మెట్లు కనిపించాయి, మెట్ల మీద ముఖాలు కనిపించాయి. ఒక్కొక్కరినీ గుర్తుపట్టి పలకరిస్తూ పైకి పోయింది. చిట్టచివర తిప్పన్న ముఖం. ఆ ముఖం మీద ఇంత తాళంకప్ప బొమ్మ.

ఆమె ఒత్తింది. ఏమీ పలకలేదు. మళ్ళీ ఒత్తింది. కొంగుతో అద్దం తుడిచి మళ్ళీ ఒత్తింది.

"తాళమేసిండ్రు," అంది. ఆ తర్వాత తలెత్తి కురుమూర్తి కళ్ళలోకి చూసింది. "అందరు ఇడిసే ఉన్నట్టున్నరు. మా ఆయనకొక్కనికే ఎందుకేసిండ్రు బిడ్డా?"

నిజానికి మొదటి మెట్టు తప్ప అన్నిటికీ తాళమే. ఆమె కళ్ళకు మాత్రం ఒక్కటే కనిపించింది.

చెప్పాల్సింది చాలా ఉంది కురుమూర్తి దగ్గర. అది బహుమతి అని, గౌరవంగానే పైన పెట్టానని, పదకొండు పాటలు వింటే దానంతట అదే తెరుచుకుంటుందని. నోటినిండా నీళ్ళు. అతను గురువు వైపు చూశాడు. గురువు అతని వైపు చూడడంలేదు. సవారమ్మ మాత్రం జవాబు కోసం ఇంకా చూస్తూనే ఉంది.

ఆ చూపు అతను తట్టుకోలేకపోయాడు. నీళ్ళు గుటుక్కున మింగేశాడు.

"సామీ, ఈమెకు ఆ పాట వేరేగ ఫోన్‌ల ఏసిస్త. ఒక్క నిమిషం పని."

"ఏసియ్యి," అన్నాడు మల్లదాసు. "అట్లనే లోకమంత తిరిగి ఒక్కొక్కరికి ఏసియ్యి."

సవారమ్మ మెల్లగా లేచింది. "ఉండనియ్యి నాయినా, ఆగమేం లేదు. తాళం తీసినంకనే వింట," అని పోయి పల్లీల గంప ముందేసుకుంది.

ఇంటికి పోయి కురుమూర్తి ఆ మెట్లను చాలాసేపు చూశాడు. ఒక్కో మెట్టుకూ ఒక్కో నీడ. తాళం తెరుచుకునేటప్పుడు ఘల్లుమనే చప్పుడు కోసం అమ్మ పెట్టెలోని గజ్జెలు తెచ్చి రికార్డు చేశాడు. ఎంత చక్కటి పని! తీసేస్తే ఇక మిగిలేది ఏముంది, పన్నెండు ముఖాలూ పన్నెండు పాటలూ. అది చిన్నపిల్లలు కూడా చేస్తారు. ఆన్‌లైన్ స్నేహితులు అయ్యో పాడుచేశావే అంటారు.

రెండు రోజులు దాని దగ్గరికే పోలేదు. మూడో రోజు డ్యూటీ నుంచి వచ్చి, అన్నం కూడా తినకుండా కూర్చున్నాడు. మొదట పన్నెండో మెట్టు తీశాడు. తర్వాత పదకొండోది. పైనుంచి కిందికి ఒక్కో మెట్టూ దిగినట్టే తీసుకుంటూ వచ్చాడు. చేయి ఆగినప్పుడల్లా సవారమ్మ అడిగిన మాట గుర్తు తెచ్చుకున్నాడు. సందె పొద్దుకు పేజీ మీద ముఖాలు తప్ప ఇంకేమీ లేవు. ముఖం ఒత్తితే పాట, మళ్ళీ ఒత్తితే మౌనం, అంతే.

ఆదివారం ఆశ్రమంలో జనం నిండుగా ఉన్నారు. కురుమూర్తి ఫోను సవారమ్మ చేతిలో పెట్టి దూరంగా పోయి నిలబడ్డాడు.

ఆమె ఎవరినీ అడగలేదు. ముఖాలన్నీ చూసుకుంటూ పోయి తిప్పన్న మీద వేలు పెట్టింది.

మొదట ఒక దగ్గు వినిపించింది. ఆ తర్వాత గొంతు సవరించుకుని తిప్పన్న ఎత్తుకున్నాడు. మండపంలో మాటలు సద్దుమణిగాయి. సవారమ్మ ఫోనును చెవికి ఆనించుకుంది. ఏడవలేదు. ఆయన ఆపినచోట ఆగుతూ, అందుకున్నచోట అందుకుంటూ తల ఊపింది. పాట అయిపోయింది. ఆమె మళ్ళీ ఒత్తింది.

పక్కన కూర్చున్న శిష్యుడొకడు ఉండబట్టలేక వంగి చెప్పాడు.

"పెద్దమ్మా, ఇదంత మన కురుమూర్తే చేసిండు."

సవారమ్మ కసురుకుంది.

"చేసుడేందిరా? ఆయన పాడుతుండు. ఇననియ్యి."

శిష్యుడు నొచ్చుకుని కురుమూర్తి వైపు చూశాడు. గురువూ అటే చూశాడు.

కురుమూర్తి ఆ పాటను కత్తిరించాడు, శుభ్రం చేశాడు, ఒక వందసార్లు ముందుకూ వెనక్కూ జరిపాడు. అన్నిసార్లూ అతని కళ్ళు తెర మీద లేచిపడే గీతల మీదే ఉన్నాయి. ఇప్పుడు చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. వెనక వరసలో, కూలివాళ్ళ పక్కన చోటు చూసుకుని కూర్చున్నాడు.

తిప్పన్న రెండో చరణం ఎత్తుకున్నాడు. కురుమూర్తి ఆ పాటను మొదటిసారి విన్నాడు.