ఎర్రవాగు వంతెనకి నక్క పెత్తనం

ఎర్రవాగుకి ఈ పక్క అడవి, ఆ పక్క మెట్ట. గట్టి వాన పడిందంటే అడవంతా నడుంలోతు నీళ్ళు. మెట్ట మీద మాత్రం హాయిగా పచ్చిక. ఈసారి తొలకరికి ముందే వాగు మీద వంతెన పడాలని అడవికి పెద్దదిక్కయిన ఏనుగమ్మ తీర్మానించింది. నీళ్ళలో రాతి దిమ్మెలు తాబేళ్ళ వంతు. వాటి మీద పరిచే తీగల చాప గిజిగాళ్ళ వంతు. ఒడ్డున మట్టికట్ట ఎద్దుల వంతు. ఒకరి పని నీళ్ళలో, ఒకరి పని ఆకుల చాటున, ఒకరికొకరు కనపడరు. అందుకని మూడు చోట్లా తిరిగి పని ఎంతవరకొచ్చిందో చెప్పే పెత్తనం జిత్తయ్య అనే నక్క అడిగి మరీ పుచ్చుకున్నాడు. నక్కకి పెత్తనమిస్తే ఏమవుతుందో మీకు వేరే చెప్పాలా!

ఎద్దుల్లో పెద్దవాడు మైలన్న. అతని చెల్లెలు చుక్కావు ఈమధ్యే ఈనింది. పెయ్యదూడకి ఇంకా కాళ్ళు కుదురుకోలేదు, వరదొస్తే ఈదలేదు. "తొలకరికి ముందే నీ బిడ్డని మెట్టకి చేరుస్తా" అని మైలన్న చెల్లెలికి మాటిచ్చాడు. ఆ దిగులుతో అతనికి మేత కూడా సహించడం లేదు.

జిత్తయ్య మాత్రం నిగనిగలాడుతున్నాడు. ఎక్కడికెళ్ళినా ఒకటే ప్రశ్న. "ఎంతవరకొచ్చింది?"

"అయిపోవచ్చింది."

"శభాష్. అవతలివాళ్ళదీ అయిపోవచ్చింది. మీరు పని మానుకుని అటూ ఇటూ తిరక్కండి, కబుర్లు మోయడానికి నేనున్నాగా."

పెట్టిన చేపో పండో నోట్లో వేసుకుని ఇంకో చోటికి పోయేవాడు. ఒక్క దిమ్మె తొక్కి చూసిన పాపాన పోలేదు.

ఒకనాడు మబ్బు పట్టింది. మైలన్న నీళ్ళు తాగుదామని వాగులోకి దిగితే డిప్పమ్మ అనే ముసలి తాబేలు ఎదురైంది.

"ఏం అత్తా, దిమ్మెలన్నీ లేచినట్టేనా?"

"నడిమి దిమ్మె ఆపాం అల్లుడూ. చాప వెడల్పు తెలిస్తేగా అదెంత లావుండాలో. కనుక్కు రమ్మంటే జిత్తయ్య రేపు రేపంటున్నాడు."

కొమ్మ మీంచి గిజిగాడు తల బయటపెట్టాడు. "అదేంటి పిన్నీ? మేం చాప ముడెయ్యకుండా ఆగింది మీ నడిమి దిమ్మె ఎత్తు తెలియకేగా. మాకూ రేపే అన్నాడు."

మైలన్న ఇద్దరి వంకా చూశాడు. "బాగానే ఉంది వరస. ఆమె కోసం నువ్వు, నీ కోసం ఆమె. ఇద్దరి మధ్యా నా మేనకోడలు మునిగిపోతుంది."

"పద, ఏనుగమ్మతో చెప్పేద్దాం" అన్నాడు గిజిగాడు.

"వాడు మాటకారిరా" అన్నాడు మైలన్న. "మన ముగ్గురి నోళ్ళూ వాడి ఒక్క నోటికి చాలవు. ఆవిడ కళ్ళారా చూస్తేనే నమ్ముతుంది."

అప్పటికే జిత్తయ్య ఏనుగమ్మ చెవిలో వంతెన మొత్తం కట్టేశాడు. మర్నాడు పొద్దున్నే అడవంతా ఒడ్డుకి చేరింది. ఏనుగమ్మ కళ్ళారా చూడాలని గిజిగాళ్ళు ముడెయ్యని చాపనే దించి పరిచారు. దూరాన్నించి చూస్తే ఏ లోటూ కనపడదు.

"కొత్తింట్లోకి ముందు ఆవుని తోలతారు. చుక్కావునీ దూడనీ ముందు నడవనివ్వండి" అన్నాడు జిత్తయ్య.

దూడ ముచ్చటపడి గంతేసింది. మైలన్న కొమ్ము అడ్డం పెట్టాడు.

"ఇంటి మర్యాద ఇంటికి, వంతెన మర్యాద వంతెనకి. కాళ్ళరిగేలా తిరిగి ఈ పని చేయించింది ఎవరు? మా జిత్తయ్య బావ. ఆయన్ని పక్కనబెట్టి పసిదాన్ని నడిపిస్తే పదిమందీ నవ్వరూ?"

"న్యాయమే" అంది ఏనుగమ్మ.

గిజిగాడు పూలదండ తెచ్చి మెడలో వేశాడు. జిత్తయ్య ఉబ్బిపోయాడు. అయిపోయింది, అయిపోయింది అని చెప్పీ చెప్పీ తనకే నమ్మకం కుదిరిపోయింది పాపం. తోక పైకెత్తి పెళ్ళికొడుకులా నడిచాడు. సరిగ్గా నడిమికొచ్చేసరికి చాప జారింది. జిత్తయ్య పీకల్లోతు బురదలో తేలాడు. డిప్పమ్మ తోక పట్టుకుని ఒడ్డుకి లాగింది.

"నడిమి దిమ్మె ఏదయ్యా?" అంది ఏనుగమ్మ.

జిత్తయ్య నోట్లో బురద ఉమ్మేసి, "అయిపోవచ్చిందమ్మా" అన్నాడు.

"మాటలు కోటలు దాటాయి, నువ్వు వాగే దాటలేదు" అని ఏనుగమ్మ పెత్తనం ఊడబెరికింది. అడవంతా పడీ పడీ నవ్వింది.

మైలన్న ఒడ్డున ఉన్న చదునుబండ చూపించాడు. "రోజూ పొద్దున్నే ముగ్గురం ఇక్కడ కలుద్దాం. ఒక్కో పనికి ఒక్కో గులకరాయి. మీ పని అయిందని రాయి పెట్టాల్సింది మీరు కాదు, దాన్ని తొక్కి చూసిన పక్కవాళ్ళు. ఎవరి కోసం ఎవరు ఆగారో మొహమ్మీదే చెప్పెయ్యాలి."

ఆ పూటే గిజిగాడు చాప వెడల్పు పుల్లతో కొలిచిచ్చాడు. నడిమి దిమ్మె లేచింది. చాప ముడి పడింది. మైలన్నే ముందు నడిచి, కట్ట నుంచి మెట్ట దాకా ప్రతి అడుగూ తొక్కి చూశాడు. తర్వాత చుక్కావు వెంట దూడ గంతులేసుకుంటూ దాటింది. అది మెట్ట మీద తల్లి పొదుగు అందుకునేసరికి మొదటి చినుకు పడింది. మైలన్నకి సంతోషంతో కళ్ళు చెమర్చాయి.

జిత్తయ్యకి కొత్త ఉద్యోగం దొరికింది లెండి. అడవిలో ఎవరేం కట్టినా, అయిపోయిందని చెప్పగానే ముందు వాడే ఎక్కి చూడాలి. ఇప్పుడు వాడంత జాగ్రత్తగా అడుగేసేవాడు ఆ చుట్టుపక్కల లేడు.

నీతి: అయిపోయిందన్న మాటని చెవితో వింటే చాలదు, కాలితో తొక్కి చూడాలి.