వసారాలో కుర్చీ

శాసనాల మీద వ్యాసాలు వేసే ఒక పరిశోధన పత్రికకు పరాంకుశం మాస్టారు ముప్పై ఏళ్లుగా సంపాదకులు. ఆయన శిష్యురాలు మంజీర ఆ ఏడాదే సంపాదకవర్గంలో చేరింది. ఆ రోజు సమావేశం ముందుకు ఆమె స్నేహితురాలు, వేరే మాస్టారి దగ్గర చదివిన రెహానా వ్యాసం వచ్చింది. అది అచ్చయితేనే రెహానాకు లెక్చరర్ ఉద్యోగం.

"నువ్వు కాసేపు బయట కూర్చోవాలమ్మా," అన్నారు మాస్టారు.

మంజీరకు చుర్రుమంది. "ఎందుకు మాస్టారూ? హాస్టల్లో ఆరేళ్లు ఒకే గదిలో ఉన్నాం, నిజమే. అది తప్పు రాస్తే మొదట తిట్టేది నేనే. నా మీద నమ్మకం లేదా?"

"డిబేట్లలో కప్పులు కొట్టిన పిల్ల. వాదన పెట్టుకోకండి మాస్టారూ," అని నవ్వాడొక సభ్యుడు.

మాస్టారు వాదించలేదు. లేచి తన కుర్చీ చూపించారు.

"కూర్చో."

కూర్చుంది. పేము అల్లిక బిర్రుగా ఉంది, నిన్న కొన్నట్టు.

వసారాలోకి తీసుకెళ్లారు. తలుపు పక్కన అలాంటిదే ఇంకో కుర్చీ.

"ఇప్పుడిందులో."

కూర్చోగానే కిందికి దిగబడిపోయింది. అల్లిక సగం తెగి, ప్లాస్టిక్ తాడు ముడులతో వేలాడుతోంది.

"రెండూ ఒకే రోజు కొన్నాం," అన్నారు మాస్టారు.

"ఇందులో ఎవరు కూర్చునేవారు?"

"నేనే. రాసేవాళ్లలో సగంమంది నా దగ్గర చదివినవాళ్లేగా."

మంజీర లేవలేదు. ఆయన లోపలికి వెళ్లి తలుపు మూసుకున్నారు.

లోపల మాటలు. మధ్యలో ఎవరిదో నవ్వు. ఏదీ తెలిసేలా వినబడదు. వసారా పొడవునా ఎండ తప్ప ఎవరూ లేరు.

పొద్దు వాలాక సభ్యులు ఒక్కొక్కరే ఆమెను దాటుకుని వెళ్లిపోయారు. ఎవరూ ఆమె వంక చూడలేదు. కాసేపటికి రెహానా ఫోన్.

"తిప్పి పంపుతున్నామని మెయిల్ వచ్చిందే. నువ్వు లోపలే ఉన్నావుగా?"

"లేను."

"చదివి బాగుందన్నావు కదే! ఊరందరి తరఫునా వాదిస్తావు, నాకోసం ఒక్క మాటకి నోరు రాలేదా?"

మంజీర దగ్గర జవాబు ఉంది. చెప్పేలోగా రెహానా ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

మాస్టారు గదికి తాళం వేస్తున్నారు.

"ఇక్కడ కూర్చుని మీరేం చేసేవారు మాస్టారూ?"

"ఎవరైనా పలకరిస్తారేమోనని చూసేవాణ్ణి."

"పలకరించేవారా?"

"టీ తెచ్చే నర్సయ్య పలకరించేవాడు. పాపం, ఆయన వ్యాసాలు రాయడు."

మంజీర లేచి కుర్చీ ఎత్తబోయింది. "లోపల పెట్టెయ్యనా?"

"ఉండనీ తల్లీ," అన్నారాయన. "నీకింకా స్నేహితులున్నారుగా."