పద్నాలుగో పేరు

అనగనగా ఒక రేగడికోట. ఆ కోటకు మల్లభూపతి అని ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు, మూడు వందల ఏనుగులు, ఒక మతిలేని ఆచారం.

ఆ ఆచారం ఏమిటంటే, ఆ వంశంలో మగపిల్లవాడికి ఎనిమిదో ఏడు రాగానే నిండు సభలో నిలబెట్టేవారు. కోటను ఏలిన ఇరవై ఒక్క రాజుల పేర్లు వరసగా అప్పజెప్పమనేవారు. తప్పులేకుండా చెబితే నెత్తిన పాగా, చెవులకు పోగులు. తప్పితే శిక్షేమీ లేదు. సభ నవ్వుతుంది, అంతే. అంతే అని పెద్దవాళ్ళు తేలిగ్గా అంటారు గాని, ఎనిమిదేళ్ళవాడికి అంతకంటే పెద్ద శిక్ష ఏ యముడు వెయ్యగలడు?

పెద్దవాడు సింగరాజు చెప్పాడు. నడిపివాడు బొల్లరాజు చెప్పాడు. చిన్నవాడు కాచరాజు పదమూడు పేర్లు గడగడా చెప్పి పద్నాలుగో పేరు దగ్గర ఆగిపోయాడు. నోరు తెరిచాడు, పేరు రాలేదు. బొటనవేలు నేలకు రాశాడు, పేరు రాలేదు. ఆఖరికి తండ్రి మొహం వంక చూశాడు. తండ్రి మొహం పక్కకు తిప్పుకున్నాడు. సభ నవ్వింది.

ఆ రోజు అందరికీ గడిచిపోయింది. కాచరాజుకు మాత్రం గడవలేదు. వాడికి ముప్పై రెండేళ్ళు వచ్చాయి. రెండు యుద్ధాలు గెలిచాడు, మదమెక్కిన ఏనుగును ఒంటిచేత్తో లొంగదీశాడు. అయినా కన్ను మూస్తే చాలు, అదే సభ, అదే పద్నాలుగో పేరు. ఒక్కోసారి కలలో ఒంటిమీద బట్టలుండవు. ఒక్కోసారి పళ్ళు ఊడి అరచేతిలో రాలతాయి. అందరూ ఎదురుచూస్తూ ఉంటారు. తండ్రి మొహం తిప్పుకుంటాడు. అప్పుడు మెలకువ వస్తుంది, ఒళ్ళంతా చెమట.

ఎవరితోనైనా చెప్పుకోవచ్చుగా అంటారా? ఆ రాజ్యంలో చెప్పుకోకూడదు. పీడకల పైకి చెబితే నిజమవుతుందని అక్కడివాళ్ళ నమ్మకం. అందుకని ప్రతి మంచం కిందా ఒక కలకుండ ఉండేది. లేవగానే కుండలోకి వంగి, వచ్చిన కల గొణిగి, మూత బిగించాలి. అమావాస్యనాడు కుండ మూతికి గుడ్డ కట్టి ఏట్లో వదలాలి. మొగుడు ఇటు తిరిగి తన కుండలో గొణిగేవాడు, పెళ్ళాం అటు తిరిగి తన కుండలో గొణిగేది. ఒకే మంచం, రెండు కుండలు. ఇంత పాడు కల నా ఒక్కడికే వస్తోందని కోటలో రాజకుమారుడు కుమిలిపోయేవాడు, గుడిసెలో కూలివాడూ కుమిలిపోయేవాడు.

ఆ కుండలు చేసేది పేరిందేవి. తండ్రి పోయాక సారె తనే తిప్పుకుంటూ, తట్ట తనే మోసుకుంటూ బతికేది. కాచరాజు గుమ్మం ముందు కొత్త కుండ దించి ఒకనాడు అంది: "ఎవరికైనా నెలకొకటి చాలు దొరా. మీకు వారానికొకటి పడుతోంది."

కాచరాజు మొహం తిప్పుకున్నాడు. తండ్రిలాగే తిప్పుకున్నానని తరవాత తట్టింది, సిగ్గుపడ్డాడు.

ఇలా ఉండగా మల్లభూపతికి ఒక జబ్బు వచ్చింది. నిద్ర మానేశాడు. రాక కాదు, కావాలని మానేశాడు. రెప్పలు వాలుతుంటే మిరియాల పొడి కళ్ళకు రాసుకునేవాడు. ఎందుకని అడిగితే, "పడుకుంటే నిలబడాలి" అని మాత్రం అనేవాడు. ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు. మూడు పున్నములలోగా నిద్రపోకపోతే రాజు దక్కడని వైద్యులు తేల్చేశారు. ముసలి పురోహితుడు పాత తాటాకులు తిరగేసి చెప్పాడు: ఏడు సముద్రాల అవతల దీవిలో నిలేసేవాడని ఒక మాంత్రికుడున్నాడు. జనం నిద్ర వాడి గుప్పిట్లో ఉంది. వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది.

మొదటి పున్నమికి సింగరాజు కత్తి పట్టుకుని వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండో పున్నమికి బొల్లరాజు వంద బాణాలు కట్టుకుని వెళ్ళాడు, తిరిగి రాలేదు. మూడో పున్నమి ముందు కాచరాజు బయలుదేరాడు. పద్నాలుగో పేరు రానివాడు మాంత్రికుణ్ణేం గెలుస్తాడని సాగనంపడానికి ఎవరూ రాలేదు. కోట వాకిలి దాటాక పేరిందేవి ఎదురొచ్చి ఒక కుండ చేతిలో పెట్టింది. దానికి అడుగు లేదు. ఇటు నుంచి చూస్తే అటు ఆకాశం కనిపిస్తోంది.

"పగిలిందా?" అన్నాడు కాచరాజు.

"కావాలనే ఇలా చేశాను దొరా. ఇది దేన్నీ దాచుకోదు" అంది పేరిందేవి.

నడిచాడు, నడిచాడు, నడిచాడు. పక్కన మనిషి లేడు, మాట లేదు. మూడో రోజు మిట్టమధ్యాహ్నం ఒక పాడుబడ్డ చాకిరేవు దగ్గర ఒక ముసలి గాడిద నిలబడి నిద్రపోతూ మూలుగుతోంది. జాలేసి మెడ నిమిరి లేపాడు. అది ఉలిక్కిపడి వెనక్కి చూసుకుని, "మూట పడలేదుగా?" అంది.

దాని వీపు మీద ఏ మూటా లేదు. చాకలి పోయి పదేళ్ళయింది. అయినా కన్ను మూస్తే చాలు, రాణిగారి పట్టుబట్టల మూట బురదలో జారిపోయినట్టు కల వస్తుందట. ఇన్నేళ్ళలో ఒక్క మూట కూడా జారవిడవలేదట. కాచరాజుకు నవ్వొచ్చింది. నాకూ ఇంతే అనబోయాడు. ఇరవై నాలుగేళ్ళ అలవాటు, నోరు పెగల్లేదు.

"ఫరవాలేదు నాయనా, మా జంతువులం చెప్పుకుంటాం, మీ మనుషులకే ఈ మూగనోము" అని గాడిద సముద్రానికి దారి చూపించింది.

సముద్రపు ఒడ్డున కోటగుమ్మమంత తాబేలు ఎండ కాగుతోంది. ఏడు సముద్రాలు దాటిస్తానంది, కాని ముందు నీ కల చెప్పమంది. "ఇంతకు ముందు ఇద్దరొచ్చారు అబ్బాయీ. మాకు కలలే రావన్నారు. నా మీద ఎక్కనివ్వలేదు, తెప్పలు కట్టుకుని పోయారు. వెల్లకిలా పడి లేవలేకపోతున్నట్టు మూడు వందల ఏళ్ళుగా నాకు కల వస్తోంది. నాకే వస్తుంటే మీకు రాదా?"

కాచరాజు చాలాసేపు ఇసుక కెలికాడు. చివరికి, "సభలో నిలబడతాను. ఒక పేరు రాదు" అన్నాడు.

"సగమే చెప్పావు. సగానికి సగం బరువు తగ్గుతావు, ఎక్కు" అంది తాబేలు.

ఉప్పు సముద్రం దాటారు, చెరకు రసపు సముద్రం దాటారు, కల్లు సముద్రం ముక్కు మూసుకుని దాటారు. నెయ్యి, పెరుగు, పాలు దాటారు. ఏడోది మంచినీళ్ళ సముద్రం. దాని నడుమ దీవి, దీవి చుట్టూ గోడ. ఆ గోడ రాళ్ళది కాదు. కుండలది. మూతికి గుడ్డ కట్టిన కలకుండలు, ఏట్లో వదిలినవన్నీ అక్కడికే కొట్టుకొచ్చాయి. నిలేసేవాడు వాటితోనే కోట కట్టుకున్నాడు. అదీ సంగతి. దాచుకున్నామనుకుని, జనం వాడికి ఇటుకలు పంపారు.

కాచరాజు ఒక కుండకు చెవి పెట్టాడు. లోపల పడవవాడి గొంతు: పడవ నిండా జనం ఉన్నారు, చేతిలో గెడ లేదు. ఇంకో కుండలో మంత్రసాని గొంతు: బిడ్డ అడ్డం తిరిగింది, నాకు చేతులు లేవు. ఒక దానిలో పేరిందేవి: ఊరంతా చూస్తోంది, మట్టి సారె మీద నిలవడం లేదు. గోడ వెంబడి చెవి ఆనించుకుంటూ నడిచాడు. అప్పుడొక పాత కుండలో బాగా తెలిసిన గొంతు వినిపించింది.

"నా కొడుకును సభలో నిలబెట్టాను. వాడు ఆగిపోయి నా వంక చూశాడు. నాకూ ఆ పేరు గుర్తు రాలేదు. నా మొహంలో అది చదువుతాడని మొహం తిప్పుకున్నాను."

కాచరాజు ఆ కుండను ఒళ్ళో పెట్టుకుని కూలబడ్డాడు. ఇరవై నాలుగేళ్ళు ఒకే ఇంట్లో, పక్క పక్క గదుల్లో, తండ్రీ కొడుకూ ఒకే సభలో నిలబడుతున్నారు. ఇద్దరూ ఒంటరిగానే నిలబడుతున్నారు.

కోట లోపల వాకిట్లో వందలమంది నోళ్ళు తెరుచుకుని రాళ్ళై నిలబడి ఉన్నారు. సింగరాజు చేతిలో కత్తి ఉంది, బొల్లరాజు వీపున బాణాలున్నాయి. మధ్యలో నిలేసేవాడు, స్తంభంలా నిటారుగా నిలబడ్డ మనిషి, చేతిలో బెత్తం. వాడి భుజం మీద వెలిసిపోయిన చిలక రెప్ప వెయ్యకుండా రేగడికోట రాజుల పేర్లు ఒకటి నుంచి ఇరవై ఒకటి వరకు, మళ్ళీ మొదటి నుంచి, ఆపకుండా చదువుతోంది. మాంత్రికుడు బెత్తం ఎత్తగానే పద్నాలుగో పేరు ఒక్కటి గాలికి ఎగిరిపోయేది, ఎవరి చెవికీ అందేది కాదు.

"పద్నాలుగో పేరు చెప్పు" అన్నాడు మాంత్రికుడు.

కాచరాజు పాదాలు రాయయ్యాయి.

"చెప్పు."

మోకాళ్ళు రాయయ్యాయి. కత్తి దూయడానికి చెయ్యి ఒర మీదికి పోయింది గాని, అన్న చేతిలో కత్తి కూడా రాయే కదా. అప్పుడు అడుగులేని కుండ గుర్తొచ్చింది. నోటికి ఆనించుకుని, ఇరవై నాలుగేళ్ళుగా కూడబెట్టిన ఊపిరంతా పెట్టి అన్నాడు:

"రాదు. నాకు రాదు. ఎనిమిదేళ్ళప్పుడు రాలేదు, ఇప్పుడూ రాదు. కలలో బట్టల్లేకుండా నిలబడి ఏడుస్తాను. మా నాన్నకూ రాదు."

ఆ కుండ మాటను దాచుకోలేదు. మాట అటు నుంచి బయటికి వచ్చి కోట నాలుగు గోడలకూ తగిలింది. గోడలో ఒక కుండ సన్నగా, "నాకూ" అంది. ఇంకొకటి, "నాకూ" అంది. తరవాత అన్నీ అన్నాయి. కాచరాజు మోకాళ్ళు మళ్ళీ మాంసమయ్యాయి. నిలేసేవాడు ఎత్తిన బెత్తం ఎత్తినట్టే ఉండిపోయింది. అబద్ధమాడినవాళ్ళను చూశాడు, నోరు పెగలనివాళ్ళను చూశాడు, రాదని పైకి చెప్పినవాణ్ణి ఎప్పుడూ చూడలేదు.

కాచరాజు ముందుకు నడిచి చిలకకు ఎదురుగా నిలబడ్డాడు. మెడ చేతికందేంత దూరంలో ఉంది. విరిచెయ్యి అన్నట్టు చిలక మెడ చాపింది కూడా. వాడు విరవలేదు. "నీకేం కల వస్తుంది?" అని అడిగాడు.

చిలక చదువుతూ చదువుతూనే నడుమ నడుమ చెప్పింది. ఈ మాంత్రికుడు ఎవరో కాదు, మీ ముత్తాతకు అన్న. వీడూ ఎనిమిదేళ్ళప్పుడు సభలో ఆగిపోయాడు. పంజరంలో ఉన్న నేను ఆ పేరు అందించాను. చిలకకు వచ్చింది గాని రాజు కొడుక్కి రాలేదని సభంతా పగలబడి నవ్వింది. ఆనాడు నిలబడ్డవాడు మళ్ళీ కూర్చోలేదు. లోకాన్నంతా నిలబెట్టాడు.

"నాకు నిద్రే లేదు. పడుకుంటే ఒక పేరు మరిచిపోతానేమోనని" అంది చిలక.

"మరిచిపోతే ఏమవుతుంది?"

"తెలీదు. ఎప్పుడూ మరిచిపోలేదు."

"ఒక్కసారి మరిచిపోయి చూడు. నేను పక్కనే ఉంటాను."

చిలక మళ్ళీ మొదలుపెట్టింది. పన్నెండు, పదమూడు. ఆగింది. ఎవరూ నవ్వలేదు. ఆకాశం ఊడిపడలేదు. చిలక కళ్ళు మెల్లగా వాలాయి, తల రెక్కలో దూర్చుకుని నిద్రపోయింది.

నిలేసేవాడు తన మోకాళ్ళ వంక వింతగా చూసుకున్నాడు. అవి వంగాయి. వందేళ్ళ తరవాత నేల మీద కూర్చున్నాడు. "అమ్మయ్య" అన్నాడు. కూర్చున్నవాడు మరి లేవలేదు. కాచరాజు వాడి కళ్ళు మూసి, తన పైపంచె కప్పాడు.

రాళ్ళన్నీ మనుషులయ్యాయి, కుండలన్నీ పగిలాయి. తాబేలు మీద అన్నదమ్ములు ముగ్గురూ తిరిగి వస్తుంటే, పెరుగు సముద్రం దగ్గర సింగరాజు తల దించుకుని మెల్లగా అన్నాడు: "నాకు ఇరవై ఒక్క పేర్లూ వచ్చాయి కదా. అయినా వస్తుందిరా ఆ కల." బొల్లరాజు తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు.

పున్నమినాటికి కోట చేరారు. మల్లభూపతి ఎర్రబడ్డ కళ్ళతో మంచం మీద కూర్చుని ఉన్నాడు. కాచరాజు మంచం కింద కుండను కాలితో పక్కకు తోసి, తండ్రి పక్కన కూర్చుని కల మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. తండ్రి మొహం తిప్పుకోబోయి, ఆగాడు.

"నీకూనా?" అన్నాడు రాజు.

"నాకూ. ఏ పేరు దగ్గరో మీకు తెలుసుగా నాన్నగారూ."

ముసలాయన కొడుకు చెయ్యి పట్టుకుని పసివాడిలా ఏడ్చాడు. ఏడుస్తూనే ఒరిగాడు. మూడు పగళ్ళు, మూడు రాత్రులు గురక పెట్టి నిద్రపోయాడు. లేచాక ఇంకా పదేళ్ళు బతికాడు.

అన్నలిద్దరూ రాజ్యం తమ్ముడికే ఇమ్మన్నారు. కాచరాజు పేరిందేవి ఇంటికి నడిచి వెళ్ళి పెళ్ళాడతావా అని అడిగాడు. ఇక కలకుండలు ఎవరూ కొనరు, నా పొట్ట కొట్టారు, అడక్కపోతే ఊరుకునేదాన్నా అంది ఆమె. పెళ్ళికి అయిరేని కుండలు పెళ్ళికూతురే సారె మీద చేసుకుని, రంగులు పూసి, పందిట్లోకి తనే మోసుకొచ్చింది. ముసలి గాడిదకు మూట లేకుండా ముందు నడిచే మర్యాద దక్కింది.

నలభై ఏళ్ళు ఏలారు. సభలో పిల్లల్ని నిలబెట్టడం ఆగిపోయింది. పిల్లలు కూర్చునేవారు, రాజే లేచి పేర్లు చెప్పేవాడు. పదమూడు తరవాత పదిహేను చెప్పేవాడు. చిలక మరిచిననాడే ఆ పద్నాలుగో రాజు పేరు తెలిసినవాళ్ళ నోళ్ళలోంచి కూడా జారిపోయింది, ఈనాటికీ ఎవరికీ తెలియదు. రాజ్యానికి ఏ లోటూ రాలేదు.

ఆ కల మరి రాలేదా అంటే, వచ్చింది. ముసలితనంలో కూడా ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చేది. ఉలిక్కిపడి లేచేవాడు. పక్కనుంచి పేరిందేవి కళ్ళు తెరవకుండానే అడిగేది.

"వచ్చిందా?"

"వచ్చింది."

"ఎన్నో పేరు దగ్గర?"

"పద్నాలుగు."

"నాకు మొన్న మట్టి నిలవలేదు. సరే, ఇటు తిరిగి పడుకో."

వాడు ఇటు తిరిగి పడుకునేవాడు. కథ ఏడు సముద్రాలు దాటి దాని ఇంటికి పోయింది, మీరూ పోయి పడుకోండి. ఏదైనా వస్తే పక్కవాళ్ళను లేపండి.