పది అంగల కొలత

హైదరాబాదు శివార్లలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నిరంజన్ అనే కుర్రాడు ఉండేవాడు. తెలివికి లోటు లేదు గానీ, ఎవరినైనా ఒక్క మాట అడిగి తెలుసుకోవాలంటే అతనికి మహా నామోషీ. తోటివాళ్ళంతా కంప్యూటర్ల వైపు పరిగెడుతుంటే అతను బయోమెకానిక్స్ తీసుకున్నాడు. అంటే మనిషి ఒంటిని యంత్రంలా లెక్కగట్టే చదువు. శాస్త్రం మీద ప్రేమేమీ కాదు, ఆ ల్యాబ్‌లో ఏసీ ఉంది. ఆ సంగతి తనే చెప్పుకుని నవ్వేవాడు.

ఆఖరి ఏడాది ప్రాజెక్టుగా అతను కృత్రిమ కాలు చేయాల్సి వచ్చింది. గైడ్ మేడమ్ భువనగిరి వైపు నుంచి బాలనర్సయ్య అనే పెద్దాయనను పిలిపించారు. షుగరు పుండు ముదిరి ఆయన కుడికాలు మోకాలి కింద తీసేశారు.

"ఈ ఫారం ఆయన్ని అడిగి నింపు" అన్నారు మేడమ్.

అందులో 'చేసే పని' అని ఒక గడి ఉంది. అరవై ఏళ్ళవాడు, పైగా కాలు లేనివాడు, ఏం చేస్తాడులే అనుకుని నిరంజన్ 'విశ్రాంతి' అని రాసేశాడు.

కాలు తయారయింది. అది తొడిగి, ల్యాబ్‌లో నున్నటి గచ్చు మీద ఆయనను పది అంగలు నడిపించాడు. కెమెరాలు చూశాయి. కంప్యూటర్ గీసిన గీతలు ముచ్చటగా వచ్చాయి.

"ఎలా ఉంది పెద్దాయనా?"

"నడిస్తే మంచిగనే ఉన్నది సారూ. కూసోని కాలు ఆడిస్తేనే మోకాలెనక అంచు ఒత్తుతున్నది."

"కాలు ఇచ్చింది నడవడానికి. కూర్చోవడానికి కుర్చీ ఉంది కదా."

పక్కనున్న మిత్రులు నవ్వారు. సారు హాస్యమాడాడు కాబట్టి బాలనర్సయ్య కూడా నవ్వాడు.

ప్రాజెక్టుకు మొదటి బహుమతి వచ్చింది. మూడు నెలల తర్వాత, కాలేజీ పత్రికలో వేసేందుకు ఫోటో కావాలని నిరంజన్ ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు.

ముందు గదిలో గుంట మగ్గం ఉంది. సగం నేసిన చీర మీద దుమ్ము పేరుకుంది. బాలనర్సయ్య మంచం మీద పడుకుని ఉన్నాడు. కుడివైపు దుప్పటి తొడ దగ్గరే చదునైపోయింది.

"పొద్దంత గుంటల కాళ్ళు పెట్టి మగ్గం కర్రలు తొక్కుడే ఆయన పని" అంది ఆయన భార్య అండాలు. "మీరిచ్చిన కాలుతోనే తొక్కిండు. అంచు కోసింది. షుగరు ఒళ్ళు గద, నొప్పి జల్ది తెల్వలే. తెలిసేసరికి చీము పట్టింది. ఈసారి తొడ దాక తీసేసిన్రు."

"మగ్గం నేస్తారని నాకు చెప్పలేదే" అన్నాడు నిరంజన్.

"మీరు అడగలే గద సారూ" అన్నాడు బాలనర్సయ్య. ఆ మాటలో కోపం లేదు. భార్య వైపు తిరిగి, "ఫోటో కోసం అచ్చిండట. నన్ను జర కూసోబెట్టు" అన్నాడు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

నిరంజన్ కెమెరా బయటికి తీయలేదు. తిరిగి వెళ్ళి, ఫారంలో 'విశ్రాంతి' కొట్టేసి 'నేత' అని రాశాడు. కానీ ఆ మగ్గం ఇక ఆడదు; ఇప్పుడు తప్పు 'విశ్రాంతి' కాదు, 'నేత'.

ఒంటిని ఎంత చక్కగా కొలిచినా, ఆ ఒంటితో బతికే మనిషిని అడగనివాడి కొలత తప్పే.