తేనె పూసిన పిల్లనగ్రోవి

అనగనగా ఒక అడవిలో, కొండ వాలున వెదురు పొదలు దట్టంగా పెరిగిన చోట, గుట్టయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. ఆయనకు ఒక్కడే కొడుకు. వాడి పేరు నేరేడు.

గుట్టయ్య కష్టపడి పెరిగినవాడు. చిన్నప్పుడే తల్లి పోయింది. అడవి కాలిపోయిన ఏడాది బూడిదలో చెదపురుగులు ఏరుకుని బతికాడు. నా కొడుక్కి ఆకలి అన్నమాటే తెలియకూడదు అనుకుని, తెల్లారింది మొదలు పుట్టలు తవ్వేవాడు. మంచి తండ్రే. కాదని ఎవరంటారు?

ఆ కొండ మీద జంగయ్య అనే ముసలి కొండముచ్చు పిల్లలకు పిల్లనగ్రోవి నేర్పేవాడు. నేరేడు ఆయన దగ్గర చేరాడు. పది రోజులు ఊదితే గాలి తప్ప ఏమీ రాలేదు. పదకొండో రోజున సన్నగా ఒక్క స్వరం పలికింది. వాడు ఒక్క పరుగున గుహకు వచ్చాడు.

"నాన్నా, పలికింది. కాస్త కూర్చుని వింటావా?"

"నాకు సంగీతం ఏం తెలుసురా? జంగయ్య తాతకు వినిపించు."

"తెలియక్కర్లేదు నాన్నా. ఊరికే కూర్చో."

"ఊరికే కూర్చుంటే కడుపు నిండుతుందా?" అని గుట్టయ్య పుట్టల వైపు వెళ్ళిపోయాడు.

మర్నాడూ అడిగాడు నేరేడు. "రేపు చూద్దాం" అన్నాడు తండ్రి. మూడో రోజూ అడిగాడు. "కనబడటం లేదా, పనిలో ఉన్నాను" అన్నాడు. నాలుగో రోజు వాడు అడగలేదు. పిల్లనగ్రోవి బయటికే తియ్యలేదు.

గుట్టయ్యకు భయం పట్టుకుంది. వీడు మానేస్తాడేమో. ఏం చెయ్యాలి? ఎలుగుబంటికి తోచే ఉపాయం ఒక్కటే. నిట్టనిలువు రాతి చరియ ఎక్కి తేనెపట్టు లాగాడు. తేనెటీగలు ముక్కు మీద, పెదవుల మీద కుట్టాయి. ముఖం గుమ్మడికాయలా వాచింది. అయినా ఓర్చుకుని వచ్చి, పిల్లనగ్రోవి అంచుకు తేనె పూశాడు.

"ఇప్పుడు ఊదరా. నోరు తీపి చేసుకుంటూ ఊదు."

నేరేడు ఊదాడు. పిల్లనగ్రోవి చప్పుడు వినబడుతుంటే, వీడు దారికొచ్చాడని మురిసిపోతూ గుట్టయ్య పనికి పోయాడు. రోజూ అదే వరస.

మొదట రెండు ఊదులకు ఒక నాకుడు. తర్వాత ఒక ఊదుకు నాలుగు నాకుళ్ళు. రంధ్రాలు జిగటకు మూసుకుపోయాయి. పిల్లనగ్రోవికి చీమలు బారులు కట్టాయి.

జంగయ్య కొండ దిగి వచ్చాడు.

"ఏమయ్యా గుట్టయ్యా, నీ కొడుక్కి పిల్లనగ్రోవి నేర్పమన్నావా, గిన్నె నాకడం నేర్పమన్నావా?"

"అంతమాట అనకు మామా. నా ముఖం చూడు. వాడికోసం ఎన్ని తేనెటీగల చేత కుట్టించుకున్నానో."

"చూస్తూనే ఉన్నాను. అంత చరియ ఎక్కినవాడివి, కొడుకు పక్కన కూలబడలేకపోయావా? వాడు వినమని అడిగితే నువ్వు నోట్లో తేనె పోశావు. అది కడిగెయ్యి. రేపటినుంచి వాడు ఊదినంతసేపూ ఎదురుగా కూర్చో. తప్పులు పట్టకు. నేర్పడం నా పని. వినడం నీ పని."

"అలాగే మామా" అన్నాడు గుట్టయ్య.

అన్నాడు గానీ, మర్నాడు కొత్త పుట్ట ఒకటి కనబడింది. ఆ మర్నాడు ఇంకొకటి. తేనె పూయడం చిటికెలో అయిపోయే పని. కూర్చోవాలంటే పూట పడుతుంది. అసలు సంగతి అదీ.

వానలు పట్టుకున్నాయి. పట్లలో తేనె అయిపోయింది. నేరేడు పిల్లనగ్రోవి నోట పెట్టి, నాలుకతో ఒకసారి రుచి చూసి, కింద పడేశాడు. మళ్ళీ ముట్టుకోలేదు.

ఒక రోజు జడివానకు పుట్టలు నానిపోయి గుట్టయ్యకు పని లేకుండా పోయింది. కొడుకు ఎదురుగా కూర్చున్నాడు.

"నేరేడూ, ఇవాళ ఎంతసేపైనా వింటాను. ఊదు నాన్నా."

వాడు తండ్రిని చూశాడు. వాడి కళ్ళలో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

"ఇప్పుడు రాదు నాన్నా. వేళ్ళు మరిచిపోయాయి."

"మళ్ళీ నేర్చుకుందువుగాని. నేను కూర్చుంటాగా."

"వద్దులే నాన్నా. నీకు పనులుంటాయి" అని వాడు మెల్లగా చెప్పి, వానలో ఆడుకోవడానికి పోయాడు.

గుట్టయ్య పిల్లనగ్రోవిని వాన నీటితో కడిగాడు. ఎవరూ చూడటం లేదు కదా అని పెదవికి ఆనించి ఊదాడు. గాలి వచ్చింది. మళ్ళీ ఊదాడు. గాలే. బుగ్గలు నొప్పెట్టేదాకా ఊదాడు. ఒక్క స్వరమూ పలకలేదు. పదకొండో రోజున ఆ బిడ్డ ఎంత సంపాదించుకుని పరుగెత్తుకొచ్చాడో అప్పుడు తెలిసింది. వాడి ఆ మొదటి స్వరం ఎలా ఉండి ఉంటుందా అని కళ్ళు మూసుకున్నాడు. వింటే కదా, గుర్తుకు రావడానికి.

నీతి: వాద్యం నేర్చుకునే బిడ్డకు తాయిలం కన్నా, పక్కన కూర్చుని వినే అమ్మానాన్నలు కావాలి. అదీ బిడ్డ అడిగిన రోజునే వినాలి. మనకు తీరికైన రోజున కాదు.