వరహాలమ్మ గచ్చు

"నా భార్య పోయి ఏళ్లు గడిచాయి. ఆవిడ జ్ఞాపకాన్ని తుడిచేసుకుంటే తప్ప నా మనసు కుదుటపడదా, గురువుగారూ?" అని అడిగాడు భుజంగరావు.

చిదంబరయ్యగారు ప్రశ్నకు నేరుగా బదులిచ్చే మనిషి కారు. తాను కళ్లారా చూసిన ఒక సంగతి చెప్పారు.

భీమిలికి అవతల ఒక పల్లెలో వరహాలమ్మ ఇల్లు తుపానుకు కూలిపోయింది. మిగిలింది వంటగది గచ్చు ఒక్కటే. కాలం చేసిన ఆమె భర్త పైడిరాజు తన చేత్తో సున్నం కలిపి, గులకరాయితో రుద్ది రుద్ది నునుపు తేల్చిన గచ్చు అది. తమ్ముడు నూకరాజు పంచన ఉంటున్నా, పొద్దు వాలేసరికి ఆమె వచ్చి అక్కడ కూర్చునేది. భర్త అన్నానికి కూర్చునే చోట అరచెయ్యి ఆనించి, ఆనాటి చల్లదనం కోసం వెతుక్కునేది. పగలంతా ఎండకు కాగిన గచ్చు చెయ్యి కాల్చేది.

గోడలూ తలుపులూ ఫ్యాక్టరీలోనే బిగించి, లారీ మీద తెచ్చి దింపే ఇల్లొకటి అక్క కోసం మాట్లాడాడు నూకరాజు. అక్కడ ఇల్లు తయారవుతుంటే ఇక్కడ స్థలం సిద్ధం కావాలి. తుప్పలు కొట్టారు. లారీ తిరిగేలా సందు వెడల్పు చేశారు. గచ్చు దగ్గరికి వచ్చేసరికి వరహాలమ్మ అడ్డం నిలబడింది.

"దీన్ని ముట్టుకోకండి. ఇల్లు దీని మీదే దింపండి."

ఎర్రయ్య మేస్త్రి గునపం కింద పెట్టాడు. "ఒక పక్క గచ్చు, ఒక పక్క కొత్త మట్టి అయితే మట్టి పక్క కుంగిపోద్దమ్మా. ఇల్లు ఒరిగిపోద్ది."

"అయితే నాకు ఇల్లే వద్దు."

నూకరాజు బతిమాలాడు, కోప్పడ్డాడు, చివరికి ఊరుకున్నాడు. పని ఆగిపోయింది.

ఒక సాయంత్రం జోరున వాన. వరహాలమ్మ గచ్చు మీదనుంచి లేవలేదు. గొడుగు పట్టుకుని పరుగున వచ్చిన తమ్ముడితో, "నేనిలా తడవాలనా ఆయన దీన్ని ఇంత నున్నగా తీర్చింది?" అంది. అని, అన్నాళ్లకు బిగ్గరగా ఏడ్చింది.

మర్నాడు మేస్త్రి చేతిలోంచి గునపం అడిగి తీసుకుని, మొదటి దెబ్బ తనే వేసింది. "ముక్కలు పారబోస్తారా?" అని అడిగింది.

"ఎందుకమ్మా పారబోయడం? కొత్త ఇంటిని మోసే దిమ్మెల కింద పరిచి దిమ్మిస కొట్టడానికి ఇలాంటి గట్టి ముక్కలే కావాలి."

ప్రతి ముక్కా ఆమే ఎత్తి పరిచింది. ఇల్లొచ్చింది. క్రేను దాన్ని మెల్లగా దింపింది. ఆ పూట కొత్త వంటగదిలో వరహాలమ్మ రెండు పీటలు వేసి, ఒకదాని మీద కూర్చుని అన్నం తింది.

చిదంబరయ్యగారు ఆగారు. భుజంగరావు తలెత్తి, "అంటే ఆవిడకు ఆ బెంగ తీరలేదా?" అన్నాడు.

"లేదు నాయనా. కాకపోతే, ఇప్పుడది వానలో తడవడం లేదు."